కాదను హక్కు

1959వ సంవత్సరము జనవరి మాసమున నాగపురమునందు సమావేశమైన కాంగ్రెసు మహాసభ వ్యవసాయమును గూర్చి యొక తీర్మానము గావించినది. రైతులు తమ కమతములను కలిపి యేకముగా సాగుచేయవలెననియు, భూమిపై హక్కు ఎవరిది వారికే నిలిచియుండుననియు, ఫలసాయమున భూమి ననుసరించి యొక భాగమును, పడిన శ్రమ ననుసరించి యొక భాగమును పంచుకొనవలెననియు, దేశ వ్యవసాయము క్రమముగా నీ సహకార సమష్టి సేద్యపు రూపమునే దాల్చవలెననియు దాని సారాంశము. మూడేండ్లలోపల దేశమంతట సేవా సహకార సంఘములు వెలయవలెననియు, భూపరిమితి శాసనములు ఆ యేటి చివరకే ముగియవలెననియు గూడ అందు చెప్పబడినది. దీని నెదిరించిన కాంగ్రెసువారిలో ముఖ్యుడు ఉత్తరప్రదేశపు చౌధురి చరణ్‌సింగు. ఆంధ్రదేశమున దీనిపై ధ్వజమెత్తినవారు ఆచార్య రంగాగారు. ఆ జూను మాసమున మద్రాసులో రాజాజీ పెద్దఱికమున స్వతంత్ర పార్టీ పుట్టినది. రంగాగారు దానికి తొలి అధ్యక్షులైరి.

ఇది యఱువదియేండ్లకు పైబడిన మాట. 1950 మార్చి 15వ తేదీన వెలసిన ప్రణాళికా సంఘము ఇప్పుడు లేదు. 2015 జనవరి 1వ తేదీన దాని స్థానమున నీతి ఆయోగ్ వచ్చినది. లైసెన్సుల, పర్మిటుల పాలనమును 1991 తరువాత చాలవఱకు సడలించిరి. అయినను నాగపురమున రేగిన ప్రశ్న మన పొలము గట్లమీదనే యింకను గూర్చున్నది. సంఘశ్రేయస్సు కొఱకై తలపెట్టిన ప్రణాళికకు ఒక రైతు "నేనొల్ల" ననినచో నేమి జరుగును? స్వాతంత్ర్యము గొప్పదా, ప్రణాళిక గొప్పదా యని సభలలో గొంతులు చించుకొనుటకంటె ఈ చిన్న ప్రశ్నకు జవాబు వెదకుట మేలు.

రంగాగారిని భూస్వాముల వకీలని నాడు పరిహసించినవారు కలరు. ఆ మాట చరిత్ర యెదుట నిలువదు. నిడుబ్రోలులో రైతు విద్యాలయమును నెలకొల్పి కార్యకర్తలను తీర్చినవారాయన. 1936లో లక్నోనగరమున అఖిల భారత కిసాను సభ ఏర్పడినపుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు, రంగాగారు కార్యదర్శి. మద్రాసు శాసనసభ 1948లో ఎస్టేటుల రద్దు చట్టమును చేయుటకు వెనుక అట్టి రైతు ఉద్యమముల బలము కలదు. జమీందారు చేతినుండి భూమిని విడిపించుటకై జీవితమున సగము వెచ్చించినవాడు, ఆ భూమి మఱియొకరి పెత్తనము క్రిందికి పోవునేమో యని సంశయించుటలో వింత యేమున్నది?

బలవంతము లేదని నెహ్రూగారు పార్లమెంటులోనే స్పష్టముగా జెప్పిరి. ఆయన మాటను శంకింప బనిలేదు. చిక్కు వేఱొకచోట నున్నది. గట్లు దున్నివేసి పది కమతములను ఒక్కటి చేసిన పిమ్మట, రెండేండ్లకు ఒక రైతునకు మనసు విఱిగినదనుకొందము. వాని మూడెకరములు ఎక్కడ నున్నవి? కాలువ తలవైపున నుండిన వాని చెక్క యిప్పుడు ఉమ్మడి చేనిలో నడుమ చిక్కియుండును. దానికి మాఱుగా కొసనున్న చవుటి నేలను జూపుదురు. ఎద్దులు సంఘమువి, విత్తనములు సంఘమువి, అప్పు సంఘము పేరిట. పట్టా మాత్రము వాని పెట్టెలో భద్రముగా నుండును. చేరుట తన యిష్టము, వెడలుట తన వశము గానిచో, ఆ చేరిక కెంత కాలము స్వచ్ఛందమను పేరు చెల్లును?

ఈ శంక ఊహామాత్రము గాదనుటకు రష్యాయే సాక్షి. 1929 చివర అచట రైతులను సమష్టి క్షేత్రములలోనికి తఱిమిరి. 1930 మార్చి మొదటికి రైతు కుటుంబములలో సగమునకు మించి చేరినట్లు లెక్క తేలినది. ఆ నెలలోనే స్టాలిను, స్థానికాధికారులు విజయగర్వమున తల తిరిగి తొందరపడిరని పత్రికలో వ్రాసి, తప్పంతయు వారిపై నెట్టి, పట్టు కొంచెము సడలించెను. తలుపు ఓరగా దీసినంతనే జనము వెలుపలికి ఉఱికినది. వేసవి నాటికి సమష్టి క్షేత్రములలో మిగిలిన కుటుంబములు ఇంచుమించు నాలుగవవంతునకు దిగెను. లక్షలాది రైతులు అంత నిష్కపటముగా నోటువేసిన సందర్భము ఆ దేశ చరిత్రలో అరుదు. ఆ నోటును ఏలికలు చదువుకొనిరి. తలుపు మఱల మూసిరి. 1932 ఆగస్టు 7వ తేదీ శాసనము ప్రకారము సమష్టి క్షేత్రపు ధాన్యమును అపహరించినవానికి మరణదండన. కనికరించినచో పదియేండ్ల ఖైదు. కోసిన చేనిలో నాలుగు వెన్నులు ఏఱుకొన్న ఆడువారును ఆ శాసనము వాత బడిరి. ఆ డిసెంబరులో దేశములోపలనే తిరుగుటకు పాసుపోర్టులు పెట్టిరి. అవి పట్టణవాసులకు దక్కెను. సమష్టి క్షేత్రముల రైతులలో అత్యధికులకు దక్కలేదు. అది లేనివాడు పట్టణమున కాపురముండరాదు. వారందఱకు నిచ్చుటకు నిర్ణయము జరిగినది 1974లో. నలుబదియేండ్లు! 1932, 1933 సంవత్సరముల కఱవున సోవియట్ రాజ్యమున చచ్చినవారు ఏబది లక్షలకు మించుదురని చరిత్రకారుల లెక్క; అందు ఉక్రెయిను రైతులే హెచ్చు.

చీనా కథ వేఱుగా చెప్పనక్కఱలేదు. మన దేశమునుండి 1956లో ప్రతినిధులు పోయి అచటి వ్యవసాయ సహకార సంఘములను జూచివచ్చిరి. నాగపురపు ఆశలకు ఆ యాత్రయు కొంత కారణము. తీర్మానము నాటికి చీనాలో కమ్యూనులు ఏర్పడి ఆఱు నెలలైనను గాలేదు. తరువాతి మూడేండ్లలో అచట ఆకలికి కోట్లకొలది జనము కూలిరి.

ఇంతమాత్రముచేత ప్రణాళికయే పాపమనువారితో మేము ఏకీభవింపజాలము. నందన సంవత్సరపు కఱవున, అనగా 1832, 33లలో, గుంటూరు సీమ రైతునకు స్వాతంత్ర్యమునకు లోటు లేదు, నీటికి లోటు. ఏ రైతును తన స్వాతంత్ర్యముతో గోదావరికి అడ్డుకట్ట వేయజాలడు. 1847లో ఆరంభించి 1852 నాటికి ధవళేశ్వరపు ఆనకట్టను ముగించిన కాటనుదొర పని సర్కారు పని, ఉమ్మడి ధనముతో ఉమ్మడి బుద్ధితో చేసిన పని. కృష్ణపై నందికొండకడ ఆనకట్ట కట్టవలెనని ఊరూర దిరిగి, అధికారుల గుమ్మములు త్రొక్కి, 1952లో ఖోస్లా సంఘమునకు ఆ స్థలము నచ్చునట్లు పాటుపడినవారు ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్‌గారు. వేల యెకరముల కుటుంబమునకు జెందిన వ్యక్తియే సర్కారు ప్రణాళికకై అంగలార్చెను. 1944లో మన పెద్ద పారిశ్రామికులే బొంబాయి ప్రణాళికను రచించి ప్రభుత్వము ముందునకు రావలెననిరి. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు పునాదిఱాయి వేసిరి. 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడిచిరి. ఆ జలాశయములో ఊళ్లు మునిగినవి. మునిగినవారిని "మీ కిష్టమేనా?" యని యడిగినవారు లేరు. ఆ లోపమును కాలువక్రింది పచ్చదనము చూపి కప్పిపుచ్చరాదు. అయినను భేదమొకటి కలదు. కాలువ రైతు పొలము గట్టువఱకు నీరు తెచ్చి యాగును. ఆపైన వాడు వరి వేయునో, మిరప వేయునో వాని యిష్టము. నాగపురము గట్టు దాటి లోనికి రాదలచినది.

గట్టు దాటుట యెట్టిదో 1943 మొదలు మద్రాసు రాష్ట్రమున ఎల్లరు రుచిచూచిరి. పట్టణములో రేషను కార్డు, పల్లెలో ధాన్యసేకరణ, పొలిమేరలో తనిఖీ. రైతు తన గాదెలోని వడ్లను జిల్లా దాటించుటకు చీటి కావలసెను. 1952 జూనులో రాజాజీ ముఖ్యమంత్రిగా ఆ కంట్రోలును ఎత్తివేయగా, లేదు లేదనిన బియ్యము అంగళ్లలో ప్రత్యక్షమైనది. అదే సంవత్సరము రాయలసీమలో క్షామము. అచట కంట్రోలు ఎత్తివేత చాలలేదు, చేత కాసు లేనివానికి అంగడిలో బియ్యమున్న నేమి, లేకున్న నేమి? గంజి కేంద్రములు తెఱవవలసివచ్చినది. ఈ రెండును జ్ఞప్తియందుంచుకొనక మాటాడువారు అరసత్యము చెప్పుచున్నారు. ఢిల్లీ పాలకులకు జ్ఞప్తి లేదనుట స్పష్టము. 1973లో గోధుమల టోకు వర్తకమును సర్కారు వశము చేసికొని, మఱుసటి యేడే వదలుకొనిరి.

నాగపుర తీర్మానము ఏమైనది? ఎవరును రద్దుచేయలేదు, అది తనంతటనే అణగారినది. సమష్టి సేద్యపు సంఘములు అచ్చటచ్చట వెలసి, పెక్కు కాగితములకే పరిమితములయ్యెను. 1967లో నలుబదినలుగురు సభ్యులతో లోక్‌సభలో గూర్చున్న స్వతంత్ర పార్టీయు 1974లో చరణ్‌సింగు నాయకత్వపు లోక్‌దళమున కలిసిపోయినది. రంగాగారు మఱల కాంగ్రెసున జేరి 1980లో గుంటూరునుండి లోక్‌సభకు వచ్చిరి. రాజకీయములు!

సహకారము మాత్రము చావలేదు. 1956లో కరీంనగరు జిల్లా ములుకనూరులో రైతులు ఒక సహకార సంఘమును స్థాపించుకొనిరి. ఎవరి చేను వారిదే. అప్పు, ఎరువు, విత్తనము, అమ్మకము మాత్రము సంఘముద్వారా. అది నేటికిని నిలిచి, వడ్ల మిల్లును, పత్తి మిల్లును నడుపుచున్నది. ఇతరచోట్ల సేవా సంఘములు పెక్కు ప్రభుత్వ శాఖలకు తోకలుగా మాఱి, ఎన్నికలకు, ఋణమాఫీలకు ఎదురుచూచుటతోనే కాలము గడపెను. ప్రభుత్వ వాటాధనము తీసికొనని సంఘములపై రిజిస్ట్రారు పెత్తనమును తగ్గించుచు పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము వచ్చినది 1995లో. సహకారమునకే స్వాతంత్ర్యము కావలసివచ్చిన దేశము మనది.

ఇక 2015. నాగపురపు మాటయే అమరావతిలో వేఱు వేషమున వినబడినది: కమతములు కలుపుట, దానికిప్పుడు భూసమీకరణమని పేరు. ఇది సేద్యమునకు గాదు, నగరమునకు. కృష్ణ యొడ్డున 33,000 ఎకరములకు పైగా భూమిని ఇరువదియెనిమిదివేల మందికి పైబడిన రైతులు రాజధానికై ఒప్పగించిరి. బదులుగా ఎకరమునకు వేయి గజముల నివాసస్థలము, కొంత వాణిజ్యస్థలము, పదియేండ్లు ఏటేట కౌలు: మెట్టకు 30,000 రూపాయలతో, జరీబుకు 50,000 రూపాయలతో మొదలు. సంతకము చేసినవారిలో పెక్కురు ఇష్టముతోనే చేసిరి. ఈ విషయమున నాగపురముకంటె అమరావతి మెఱుగు. కాని చేయనివారిలో కొందఱిపై 2013 భూసేకరణ చట్టము క్రింద ప్రకటనలు వెలువడెను. చేతిలో కఱ్ఱ నుంచుకొని "మీ యిష్టము" అనుటలోని యిష్టమును పాఠకులే తూచుకొందురు గాక.

2019 డిసెంబరులో ప్రభుత్వము తన వైపునుండి కాదనినది. రాజధానులు మూడనినది, 2020లో శాసనము, 2021 నవంబరులో దాని ఉపసంహారము, 2022 మార్చి 3వ తేదీన ఒప్పందమును నెఱవేర్పవలెనని హైకోర్టు తీర్పు. 2024లో ప్రభుత్వము మాఱగా, 2025 మే 2వ తేదీన పనులు మఱల ప్రారంభమయ్యెను. ఈ నడుమ రైతు తన భూమిని తిరిగి అడుగుటకు లేదు. గట్లు ఎపుడో పోయెను. రోడ్లకు తవ్విన గోతులలో తుమ్మలు మొలిచెను. ప్రణాళికను వేసినవాడు దానిని కాదనగలడు, అందు చేరినవాడు కాదనలేడు. చరణ్‌సింగుగారు గట్లను గూర్చి భయపడినది ఇదియే.

భూమిగలవారిమి మనము మన హక్కును గూర్చి యింతసేపు చెప్పుకొంటిమి. నాగపుర తీర్మానములో మనము తలవంచుకొని చదువవలసిన వాక్యమొకటి కలదు: భూమి లేకపోయినను దానిపై పనిచేసినవానికి శ్రమకు తగిన భాగము. అమరావతి ఒప్పందమున సంతకము యజమానిది. ఆ పొలమును ఏండ్ల తరబడి దున్నిన కౌలుదారుని సమ్మతి అడిగిన కాగితము లేదు. ఏటేటి కౌలు పేరిట వచ్చిన సొమ్మును యజమాని ఖాతాలోనికే పోయినది. భూమిలేని కుటుంబములకు నెలకు 2,500 రూపాయల పింఛను ఏర్పఱచిరి. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చి, పదునొకండు నెలల ఒప్పందముతో కౌలుదారునకు పత్రమీయదలచెను. ఆ పత్రమునకు యజమాని సంతకము కావలెను. పెక్కు గ్రామములలో కౌలుదారు ఆ కాగితము పట్టుకొని వీధి యరుగు కడకు వచ్చి నిలుచుండగా, యజమానులు కాదనిరి.