పెండ్లి ఫోటోలకు ఎంత?

పెండ్లి కుదిరిన ఇంట్లో బట్టలకు, భోజనాలకు, పందిరికి లెక్క వేయడం పెద్దలకు తెలిసిన పనే. ఫోటోల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏమి అడగాలో తెలియక, "అందరికీ చేసినట్టే మాకూ చేయప్పా" అని అడ్వాన్సు ఇచ్చి వచ్చే కుటుంబాలను పత్తికొండ ప్రాంతములో మేము తరచుగా చూస్తున్నాము. ఆ తల్లిదండ్రుల కొరకే ఈ నాలుగు మాటలు.

రీళ్ల కాలములో ఒక రోలుకు 36 ఫోటోలు. ప్రతి ఫోటోకు ఖర్చు కనుక ఎవరెవరిని తీయాలో పెద్దలే దగ్గరుండి చెప్పేవారు. డిజిటల్ కెమెరా వచ్చాక ఆ లెక్క పోయింది. ఫోటోలు వేలల్లో తీస్తున్నారు, ఖర్చు మాత్రం పోలేదు. అది ఇప్పుడు మనుషుల మీద, రోజుల మీద, ఆల్బము షీట్ల మీద పడుతుంది. మామూలు ఫోటోలు, వీడియో, క్యాండిడ్, డ్రోన్, పెండ్లికి ముందు షూటింగ్ అని ఒక్కొక్కటి చేర్చిన కొద్దీ బిల్లు పెరుగుతుంది.

మనది వానను నమ్ముకున్న సేద్యము. వేరుశనగ ఎండినా, పత్తికొండ మార్కెట్లో టమోటా ధర పడినా ఆ ఏడు అప్పే. గుంటూరు వైపు మిరప కోతలకు వలస పోయి దాచుకున్న కూలి డబ్బుతో పెండ్లి చేసే ఇండ్లూ ఉన్నవి. కట్టడము మొదలుపెట్టక మునుపే కూర్చుని ఖర్చు చూసుకొనే మనిషిని గూర్చి ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయములో చెప్పిన సంగతి ఫోటోల ఖర్చుకూ వర్తిస్తుంది. వడ్డీకి తెచ్చి ఆల్బము చేయిస్తే, ఆల్బము మూలన పడిన తరువాత కూడా వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

మొదట గంటలు లెక్కించండి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము సాధారణముగా ఉదయం 6 నుండి సాయంత్రం 7 గంటల లోపలే వివాహము జరగాలి. గుడిలో పది గంటలకు ఆరాధన మొదలైతే ప్రమాణములు, రిజిస్టరులో వధూవరుల, ఇద్దరు సాక్షుల సంతకాలు, బంధువులతో ఫోటోలు, భోజనాలు అన్నీ మూడు గంటలకు ముగుస్తాయి. దీనికి ఫోటోలు తీసే వారొకరు, వీడియో తీసే వారొకరు పూటకు కుదిరితే చాలని మా అభిప్రాయము. ప్రధానానికి, ముందురోజు కార్యక్రమాలకు ఇంట్లో పిల్లల ఫోన్లు సరిపోతాయి.

తరువాత పేర్లు రాయండి. ఇరవై ఏండ్ల తరువాత ఆల్బము తెరిచినప్పుడు మనము వెదికేది డ్రోన్ తీసిన పందిరిని కాదు, అప్పటికి మన మధ్య లేని అవ్వను, తాతను, మేనమామను. లేచి నడవలేని అవ్వ ఉంటే ఉదయమే వధువును ఆమె మంచము దగ్గర కూర్చోబెట్టి ఒక ఫోటో తీయమని ముందే చెప్పండి. ఆ ఒక్కటి ఏ ప్యాకేజీలోనూ రాసి ఉండదు.

ఇరుపక్షాల వారు చెరొక ఫోటోగ్రాఫర్‌ను తెచ్చుకోవడం నేటి వాడుక. బలిపీఠము ముందు వారి వీపులే తప్ప సంఘానికి వధూవరులు కనబడరు. వియ్యంకులిద్దరూ మాట్లాడుకుని ఒకరినే పెట్టుకుని ఖర్చు సగం సగం భరిస్తే అందరికీ మేలు. అట్లుగాక వరుని వారు పెద్ద ప్యాకేజీ అడిగి బిల్లు వధువు తండ్రి మీద వేస్తే, అది పేరు మార్చుకుని వచ్చిన కట్నమే. కట్నము అడగడం 1961 చట్టము ప్రకారము నేరము. వరుని తండ్రులారా, దయచేసి ఆలోచించండి.

అడ్వాన్సు ఇచ్చేటప్పుడు ఎందరు వస్తారు, ఎన్ని గంటలు ఉంటారు, ఆల్బములో ఎన్ని షీట్లు, ఎప్పుడు ఇస్తారు అన్నవి కాగితము మీద రాయించుకోండి. తీసిన ఫోటోలన్నీ పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకుని, రెండు చోట్ల దాచండి. ఆల్బమునకు ఫోటోలు ఏరి ఇవ్వడములో మనము ఆలస్యము చేసి వారిని నిందించడం తగదు. పని ముగిసిన తరువాత బాకీ పెట్టకుండా ఇచ్చివేయండి. అది కూడా కష్టజీవి కూలియే.

కానా ఊరి పెండ్లిలో ద్రాక్షారసము అయిపోయినప్పుడు ఆ ఇల్లు సిగ్గుపడకుండా ప్రభువు కాపాడాడు. పెండ్లి ఇంటి పరువు ఆయనకు పట్టినదే. అయితే ఆ వధూవరుల పేర్లు కూడా సువార్తలో లేవు. గొప్పగా కనబడటము కంటె అప్పు లేకుండా కాపురము మొదలుపెట్టడము మన బిడ్డలకు ఎక్కువ మేలు. అడ్వాన్సు ఇవ్వక ముందే ఒక సాయంత్రము ప్రార్థన ముగించుకుని, కాగితము, కలము తీసుకుని ఇంటిల్లిపాదీ కూర్చోండి.