లిఫ్టు తలుపు తెరుచుకునే దాకా

ఒక హోటల్ హాలు. ఎదురుగా పక్కపక్కనే రెండు లిఫ్టులు, తలుపులు మూసి ఉన్నాయి. అటూ ఇటూ కుర్చీలు. కెమెరా కదలదు. తెర మీద పేర్లు కింద నుంచి పైకి మెల్లగా పాకుతుంటాయి: స్టాన్లీ కూబ్రిక్, జాక్ నికల్సన్, షెల్లీ డువాల్. వెనకాల ఏదో రొద, పోనుపోను పెరుగుతూ. పేర్లన్నీ పోయాక లిఫ్టు తలుపు పక్కనుంచి రక్తం ఉబికి వస్తుంది. కాస్తా కూస్తా కాదు, చెరువు కట్ట తెగినట్టు. గోడలకు కొట్టుకుని, కుర్చీలను తోసుకుంటూ వచ్చి కెమెరా అద్దాన్నే ముంచేస్తుంది. అంతే.

1980లో విడుదలైన 'ద షైనింగ్' సినిమా టీజర్ ఇది. నిడివి నిమిషంన్నర. మొత్తం ఒకటే షాట్. ఒక్క డైలాగ్ లేదు, ఒక్క ముఖం లేదు, కథేమిటో చెప్పే ముక్క అసలే లేదు. (ట్రైలర్లలో రక్తం చూపించకూడదన్న నియమం అడ్డొస్తే, అది తుప్పునీళ్లని చెప్పి కూబ్రిక్ సెన్సారు వాళ్లను ఒప్పించాడని హాలీవుడ్‌లో చెప్పుకుంటారు.) థ్రిల్లర్ టీజర్ ఎలా కట్టాలో నేర్చుకునేవాళ్లు ముందు దీన్ని చూడాలంటాను. ఇప్పటి టీజర్ల హడావుడి ఇందులో ఏదీ లేదు, అయినా చూపు తిప్పుకోలేం. ఎందుకు తిప్పుకోలేమన్నది సినిమావాళ్లకు అనుభవం మీద తెలుసు. శాస్త్రవేత్తలు దాన్ని కొలిచి చూశారు.

న్యూయార్క్‌లో యూరీ హాసన్ అనే నాడీశాస్త్రవేత్త, ఆయన సహచరులు 2008లో ఒక పరిశోధన ప్రచురించారు. కొంతమందిని ఎఫ్ఎంఆర్ఐ స్కానర్‌లో పడుకోబెట్టి రకరకాల వీడియోలు చూపించారు. ఒకే క్షణంలో అందరి మెదళ్లూ ఒకే తీరుగా స్పందిస్తున్నాయా, స్పందిస్తే మెదడు పైపొరలో ఎంత భాగం అలా కలిసి నడుస్తోంది అన్నది లెక్క. హిచ్‌కాక్ తీసిన ఒక టీవీ ఎపిసోడ్‌కు 65 శాతం వచ్చింది. సెర్జియో లియోనీ తీసిన 'ద గుడ్, ద బ్యాడ్ అండ్ ది అగ్లీ'కి 45. ఒక టీవీ కామెడీకి 18. ఒక పార్కులో కెమెరా పెట్టేసి, ఎక్కడా కట్ చేయకుండా తీసిన మామూలు వీడియోకు 5 శాతం కూడా రాలేదు. పార్కును చూసేవాడు తనకు నచ్చిన చోటు చూస్తాడు, తన ఆలోచనలో తానుంటాడు. హిచ్‌కాక్‌ను చూసేవాడికి ఆ స్వేచ్ఛ ఉండదు.

ఈ లెక్కన కట్ అన్నదే లేని కూబ్రిక్ టీజర్ పార్కు వీడియో సరసన చేరాలి. చేరదు. దాన్ని ఎవరైనా స్కానర్‌లో చూపిస్తే అంకె హిచ్‌కాక్‌కు దగ్గరగా వస్తుందని నా అంచనా. చూపును పట్టి ఉంచడానికి కత్తిరింపు ఒక మార్గం మాత్రమే, వేరే మార్గాలూ ఉన్నాయి. మొదటిది అక్షరం. చదువొచ్చిన కన్ను ఎదురుగా అక్షరం కదులుతుంటే చదవకుండా ఉండలేదు. కాబట్టి మొదట్లో మన చూపు ఆ పేర్ల వెంటే ఉంటుంది, పేర్లేమో సరిగ్గా లిఫ్టుల మీదుగా పైకి పోతుంటాయి. రెండోది కూర్పు. ఎడమకూ కుడికీ సమతూకంగా అమర్చిన ఫ్రేమ్‌లో గీతలన్నీ మధ్యకే చేరతాయి, కన్ను పక్కకు పోయినా మళ్లీ అక్కడికే వస్తుంది. అన్నిటికన్నా పెద్దది నిశ్చలత. పేర్లు తప్ప అంతసేపు ఏమీ కదలని చోట ఏ చిన్న కదలిక వచ్చినా మెదడు దాన్ని వదలదు. చూపు అంచుల్లో కదలికను పసిగట్టే ఏర్పాటు కంటికి ఎటూ ఉంది. కూబ్రిక్ ఆ ఏర్పాటును ఆకలితో మాడ్చి, చివర్లో ఒక్కసారిగా నింపుతాడు.

ఇక చెవి. నన్నడిగితే థ్రిల్లర్ టీజర్‌లో సగానికి పైగా పని జరిగేది ఇక్కడే. షైనింగ్ టీజర్‌కు వెండీ కార్లోస్, రేచెల్ ఎల్కిండ్ చేసిన సంగీతంలో పాడుకోవడానికి రాగమంటూ ఏదీ చిక్కదు. రొద పెరుగుతుంటుంది, అంతే. ఆ పెరగడంలోనే కిటుకంతా ఉంది.

1998లో జాన్ న్యూహాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 'నేచర్' పత్రికలో ఒక చిన్న ప్రయోగం గురించి రాశాడు. ఒక స్వరం సన్నగా మొదలై పెద్దదవుతుంది. ఇంకొకటి పెద్దగా మొదలై, సరిగ్గా అంతే తేడాతో సన్నబడుతుంది. విన్నవాళ్లు మాత్రం పెరిగే స్వరమే ఎక్కువగా మారిందన్నారు. కారణం ఊహించడం కష్టం కాదు. పెరిగే శబ్దమంటే మన వైపు వస్తున్నదేదో ఉందని అర్థం. దూరంగా పోతున్న పులి విషయంలో అంచనా తప్పినా నష్టం లేదు. దగ్గరికొస్తున్న పులిని తక్కువ అంచనా వేసినవాడికి రెండో అవకాశం రాదు. తమాషా ఏమిటంటే, ఈ భ్రమ స్వరం ఉన్న శబ్దానికే కనిపించింది, వట్టి హోరుకు కనిపించలేదు. గాలీ వానా కూడా హోరుమంటాయి గానీ వేటాడవు కదా! తర్వాత రీసస్ కోతులతో చేసిన ప్రయోగంలో అవి కూడా తగ్గే శబ్దం కన్నా పెరిగే శబ్దం వైపే ఎక్కువసేపు చూశాయి. మనుషుల మెదడును స్కాన్ చేసినప్పుడు, పెరుగుతున్న శబ్దానికి అమిగ్డలా చురుకైంది. ప్రమాదాన్ని పసిగట్టడంలో ముఖ్యమైన భాగమది.

అయితే శబ్దాన్ని ఎంతసేపని పెంచుతారు? స్పీకర్‌కూ చెవికీ హద్దుంది. అప్పుడు శబ్దం బదులు స్వరస్థాయిని పెంచాలి. ఇక్కడ 1964లో రోజర్ షెపర్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన గమ్మత్తు పనికొస్తుంది. ఒకే స్వరాన్ని కింది స్థాయిలో, మధ్య స్థాయిలో, తారస్థాయిలో ఒకేసారి మోగించి, అన్నిటినీ కలిపి పైకి జరుపుతూ పోవాలి. పైకి చేరినది మెల్లగా మాయమవుతుంటే, అడుగున కొత్తది చడీచప్పుడు లేకుండా వచ్చి చేరుతుంది. వినేవాడికి స్వరం ఆగకుండా ఎక్కుతూనే ఉన్నట్టుంటుంది, నిజానికి ఎక్కడికీ పోదు. క్రిస్టఫర్ నోలన్ 'డన్‌కర్క్'లో వాడింది ఈ భ్రమనే.

అరుపు సంగతి వేరు. డేనియల్ బ్లమ్‌స్టీన్ అనే జీవశాస్త్రవేత్త మార్మట్‌ల మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. అవి ఉడుత జాతి జంతువులు. ఏ జంతువైనా ప్రాణభయంతో గొంతు శక్తికి మించి అరిస్తే స్వరం చీలి గరగరలాడుతుంది. ఈ చీలిన శబ్దం సినిమాల్లోనూ ఉంటుందా అని ఆయన బృందం 102 సినిమాల్లోని కీలక సన్నివేశాల సౌండ్‌ట్రాక్‌లను పరిశీలించి 2010లో ఫలితం ప్రకటించింది. భయపెట్టే సినిమాల్లో ఇలాంటి గరుకు శబ్దాలు, అరుపులు మామూలు కన్నా ఎక్కువే ఉన్నాయి. మార్మట్ గురించి ఎప్పుడూ వినని సంగీత దర్శకులు కూడా అదే శబ్దాన్ని వెతికి పట్టుకున్నారన్నమాట.

మరి థ్రిల్లర్ టీజర్ల చివర్లో గుండె అదిరే ఆ ఒక్క దెబ్బ? దానికి ముందు రెండు మూడు సెకన్లు పూర్తి నిశ్శబ్దం ఉంటుంది, గమనించారా? నిశ్శబ్దం తర్వాత వచ్చిన చప్పుడు మరింత పెద్దగా తోస్తుంది, అది చెవి నైజం. ఇందులో ఒక ఖాతా లెక్క కూడా ఉంది. అమెరికా థియేటర్లలో ట్రైలర్ శబ్దానికి 85 డెసిబెల్స్ హద్దు పెట్టుకున్నారు. అది ట్రైలర్ మొత్తానికి కట్టే సగటు. మధ్యలో నిశ్శబ్దం వదిలితే సగటు దిగుతుంది, ఆ మిగులును మిక్సింగ్ ఇంజనీరు చివరి దెబ్బ మీద ఖర్చు పెడతాడు.

మన తెలుగు టీజర్లకు ఇంకో చిక్కుంది. వాటిని ఎక్కువమంది చూసేది ఫోన్‌లో. ఫోన్ స్పీకర్ 100 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకదు, మరి 60 హెర్ట్జ్ గుభేలుమనే శబ్దం ఏం కావాలి? ఆ స్వరానికి గుణిజాలైన 240, 300, 360 హెర్ట్జ్‌లను జోడిస్తే, వినిపించని 60ని మెదడే పూరించుకుంటుంది. లేని స్వరాన్ని వినడమంటే ఇదే.

కత్తిరింపు గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. రెండు సంబంధం లేని షాట్లను పక్కపక్కన పెడితే చూసేవాడే సంబంధం అల్లుకుంటాడని వందేళ్ల కిందటే రష్యాలో లెవ్ కులెషోవ్ చూపించాడు. దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు: 2005లో న్యూయార్క్ ఎడిటర్ ఒకాయన పోటీ కోసం 'ద షైనింగ్' సినిమా ముక్కలతోనే కొత్త ట్రైలర్ కట్టాడు. వెనకాల హుషారైన పాట, మధ్యలో తియ్యని వ్యాఖ్యానం. చూస్తే తండ్రీ కొడుకుల అనుబంధం మీద తీసిన కుటుంబ కథాచిత్రమనే అనుకుంటాం. ఆ ముక్కల్లో ప్రతిదీ సినిమాలో నిజంగా ఉన్నదే.

హిచ్‌కాక్ 'సైకో' ట్రైలర్ ఇంకో దారి తొక్కింది. ఆరు నిమిషాలకు పైగా ఆయనే స్వయంగా ఆ మోటెల్‌నీ ఇంటినీ తిప్పి చూపిస్తూ, ఇక్కడ ఘోరం జరిగిందంటాడు గానీ ఏం జరిగిందో పూర్తిగా చెప్పడు. చివరికి స్నానాల గది తెర లాగితే అరిచే అమ్మాయి కూడా సినిమాలో అక్కడ చనిపోయే జానెట్ లీ కాదు, వీరా మైల్స్. అక్కడ కూడా చూపించిన దానికన్నా దాచిందే ఎక్కువ.

మన దగ్గర థ్రిల్లర్ టీజర్లు ఇంకా హీరో నడక, ఒక పంచ్ డైలాగ్, విడుదల తేదీ దగ్గరే తిరుగుతున్నాయి. కొన్ని టీజర్లయితే హంతకుడి ముఖం ఒక్కటి తప్ప కథంతా చెప్పేస్తాయి. ఈసారి మీకు నచ్చిన థ్రిల్లర్ టీజర్‌ను రెండుసార్లు చూడండి. మొదటిసారి శబ్దం పూర్తిగా ఆపేసి, రెండోసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకుని. శబ్దం లేనప్పుడు కూడా మీ చూపు పక్కకు పోలేదంటే ఆ దర్శకుడి తర్వాతి సినిమాకు ధైర్యంగా టికెట్ కొనండి.