కావలివాని బాధ్యత: వాతావరణ మార్పుపై క్రైస్తవ శాస్త్రవేత్తల స్వరం

వ్యాససంగ్రహం: వాతావరణ మార్పు గురించి క్రైస్తవ విశ్వాసులైన శాస్త్రవేత్తలు బహిరంగంగా మాట్లాడినప్పుడు వారికి ఎదురైన స్పందనను, వారు ఆధారం చేసుకొన్న బైబిలు భావనలను, ఆ భావనలకు తెలుగు అనువాదం కల్పించిన అర్థచ్ఛాయలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బ్రిటిష్ వాతావరణ భౌతికశాస్త్రవేత్త సర్ జాన్ హౌటన్ జీవితం ఇందులో ప్రధాన ఉదాహరణ.

కీలకపదాలు: వాతావరణ మార్పు, క్రైస్తవం, తెలుగు బైబిలు, జాన్ హౌటన్, క్యాథరిన్ హేహో, కావలి.

1. ఉపోద్ఘాతం

యెహెజ్కేలు గ్రంథం 33వ అధ్యాయంలో కావలివాని ప్రస్తావన ఉంది. ఊరిమీదికి శత్రువు రావడం చూసినవాడు బాకా ఊదాలి. ఊదిన తరువాత జనులు లక్ష్యపెట్టకపోతే తప్పు వారిది. చూసి కూడా ఊదకపోతే పోయిన ప్రాణాలకు అతడే ఉత్తరవాది. ఇందులో గమనించదగినది ఒకటుంది. శత్రువును ఓడించే బాధ్యత కావలివానిది కాదు. జనులను ఒప్పించే బాధ్యత కూడా పూర్తిగా అతనిది కాదు. చూసినది చెప్పడం మాత్రమే అతని పని. అయితే ఆ ఒక్క పని నుంచి అతనికి మినహాయింపు లేదు.

వాతావరణ మార్పు విషయంలో ఈ స్థితి శాస్త్రవేత్తకు తటస్థించింది. ఆ శాస్త్రవేత్త క్రైస్తవుడు కూడా అయినప్పుడు సమస్య రెట్టింపవుతుంది. అతడు ఏ సమాజంలో సభ్యుడో ఆ సమాజంలోనే కొందరు అతని శాస్త్రాన్ని శంకిస్తారు. ఏ వృత్తిలో ఉన్నాడో ఆ వృత్తిలో కొందరు అతని విశ్వాసాన్ని శంకిస్తారు. ఇరువైపులా పరాయివాడైన మనిషి మాట ఎక్కడ చెల్లుతుందన్నది ఈ వ్యాసంలోని అసలు ప్రశ్న.

2. ఏలుట, కాచుట

ఈ చర్చకు విద్యాలోకంలో ఊపు తెచ్చినది 1967 మార్చిలో ‘సైన్స్’ పత్రిక ప్రచురించిన లిన్ వైట్ వ్యాసం. ఆయన మధ్యయుగాల సాంకేతిక చరిత్రకారుడు. పాశ్చాత్య క్రైస్తవం మనిషిని ప్రకృతికి యజమానిగా నిలిపిందని, నేటి పర్యావరణ సంక్షోభానికి మూలాలు ఆ దృష్టిలో ఉన్నాయని ఆయన వాదించారు. వైట్‌ను క్రైస్తవ వ్యతిరేకిగా ఉటంకించేవారు తరచుగా మరచిపోయే సంగతి ఏమిటంటే, ఆయన స్వయంగా ప్రెస్బిటేరియన్ సంఘస్థుడు. వ్యాసం చివర అస్సీసీ ఫ్రాన్సిస్‌ను పర్యావరణవాదులకు పోషక పునీతునిగా ప్రతిపాదించారు. 1979లో రెండవ జాన్ పాల్ పోప్ ఆ ప్రకటనను అధికారికంగానే చేశారు. ఆ విధంగా వైట్ విమర్శ బయటివాని నింద కాదు, లోపలివాని ఆత్మపరీక్ష.

వైట్ వాదానికి ఆధారం ఆదికాండము మొదటి అధ్యాయంలోని 28వ వచనం. అక్కడి రెండు హీబ్రూ క్రియలు ‘కాబాష్’, ‘రాదా’ బలప్రయోగాన్ని, పాలనను సూచిస్తాయి. తెలుగు బైబిలులో మొదటిదానికి ‘లోపరచుకొను’, రెండవదానికి ‘ఏలు’ అనే మాటలు వాడారు. ‘లోపరచుకొను’ కఠినమైన మాటే. దానిని మెత్తబరచడానికి ప్రయత్నించడం నిజాయితీ అనిపించుకోదు. ‘ఏలు’ మాత్రం అలా కాదు. తెలుగు భక్తిసాహిత్యంలో భక్తుడు తనను ఏలుకొమ్మని దైవాన్ని వేడుకొంటాడు. అక్కడ ఏలుబడి అంటే రక్షణ, పోషణ, తనవాడిగా స్వీకరించడం. ఆలిని ఏలుకొనడం అన్న ప్రయోగంలోనూ ఈ బాధ్యతార్థమే ఉంది. అనువాదకులు ఉద్దేశించారో లేదో గాని, ఇంగ్లీషు పాఠంలో కనిపించని ఒక మృదుత్వం తెలుగు పాఠంలో చేరింది.

రెండవ అధ్యాయం 15వ వచనం మరింత ఆసక్తికరం. ఏదెను తోటలో నరుని పనిని రెండు క్రియలు చెబుతాయి: ‘ఆబాద్’, ‘షామర్’. ఆబాద్ అంటే పని చేయడం, సేవించడం కూడా. తెలుగులోని ‘సేద్యపరచు’ అనే మాటలో సేవార్థం జారిపోయింది. ఇది అనువాదంలో జరిగిన నష్టం. షామర్‌కు వాడిన ‘కాచు’ మాత్రం చక్కగా కుదిరింది. పంట కాచేవాడు, పశువులు కాచేవాడు, కాపరి, కావలి అన్నీ ఒకే కుటుంబానికి చెందిన మాటలు. ఆదికాండము నాలుగవ అధ్యాయంలో హేబెలును చంపిన కయీను దేవుని ప్రశ్నను దాటవేయడానికి వాడిన మాట కూడా షామర్ ధాతువు నుంచే పుట్టింది. తెలుగులో అది ‘కావలివాడు’. యెహెజ్కేలులోని హీబ్రూ మాట వేరు. అది ‘సోఫే’, ఎత్తు నుంచి చూసేవాడు. తెలుగు బైబిలు దానికీ ‘కావలివాడు’ అనే మాటనే వాడింది. అందువల్ల తోటను కాచిన ఆదాము, తమ్ముని కాచనన్న కయీను, ఊరిని కాచే ప్రవక్త ముగ్గురూ తెలుగు పాఠకుని చెవికి ఒకే మాటలో చేరువవుతారు. మూలంలో లేని ఈ బంధం అనువాదం ఇచ్చిన లాభం. తెలుగులో క్రైస్తవ పర్యావరణ చింతన ఎవరైనా రాయదలిస్తే ఇంతకన్నా మంచి ఆరంభస్థానం దొరకదని నా అభిప్రాయం.

3. జాన్ హౌటన్: కొలిచినవాడు, చెప్పినవాడు

1931లో వేల్స్‌లో జన్మించిన జాన్ హౌటన్ ఆక్స్‌ఫర్డ్‌లో వాతావరణ భౌతికశాస్త్ర ఆచార్యుడు. ఆయన తొలి ఖ్యాతి ఉపగ్రహ పరికరాల వల్ల వచ్చింది. 1970లో ప్రయోగించిన నింబస్-4 ఉపగ్రహంలో ఆయన బృందం రూపొందించిన పరికరం ఉంది. కార్బన్ డయాక్సైడ్ దాదాపు 15 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం వద్ద వెలువరించే పరారుణ వికిరణాన్ని పట్టుకొని వాతావరణపు పై పొరల ఉష్ణోగ్రతను కనుగొనడం దాని పని. ఏ ఎత్తు నుంచి వికిరణం వస్తున్నదో వేరుచేయడానికి అదే వాయువును నింపిన చిన్న గదులను వడపోత సాధనాలుగా వాడారు. తరువాతి కాలంలో ఏ వాయువు గురించి ఆయన లోకాన్ని హెచ్చరించారో, ఆ వాయువే ఆయనకు మొదట కొలబద్ద. కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచుతుందన్నది ఆయనకు సిద్ధాంతంగా కాక చేతిలోని పరికరం పని చేసే తీరుగా తెలుసు.

1983లో బ్రిటన్ వాతావరణ కార్యాలయానికి అధిపతి అయ్యారు. 1988లో ఐపీసీసీ ఏర్పడినప్పుడు శాస్త్రీయ అంచనా వేసే మొదటి కార్యబృందానికి నాయకత్వం వహించి, మొదటి మూడు నివేదికలకు ప్రధాన సంపాదకులలో ఒకరుగా పనిచేశారు. ఆయన వ్యక్తిత్వాన్ని తెలుసుకొనడానికి 1995 నవంబరులో మాడ్రిడ్‌లో జరిగిన సమావేశాన్ని చూడాలి. వాతావరణంపై మానవ ప్రభావం ఎంత స్పష్టంగా కనిపిస్తున్నదని చెప్పాలన్నది వివాదం. చమురు ఎగుమతి దేశాలైన సౌదీ అరేబియా, కువైట్ ప్రతినిధులు తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. అధ్యక్షస్థానంలో హౌటన్. దీర్ఘ చర్చ తరువాత ఒకే ఒక విశేషణంపై అంగీకారం కుదిరింది: ‘గుర్తించదగిన’ ప్రభావం. ఎక్కువ చెప్పకుండా, తక్కువా చెప్పకుండా ఎంచిన మాట అది. బాకా ఎంత గట్టిగా ఊదాలన్నది కూడా కావలివాని వివేకంలో భాగమేనని ఈ సన్నివేశం చూపుతుంది.

హౌటన్ తన విశ్వాసాన్ని దాచలేదు. విజ్ఞానాన్ని, విశ్వాసాన్ని రెండింటినీ సత్యాన్వేషణగా భావించారు. 1997లో జాన్ రే ఇనీషియేటివ్ అనే క్రైస్తవ పర్యావరణ సంస్థ స్థాపనలో ప్రధాన పాత్ర వహించారు. 2003లో ‘గార్డియన్’ పత్రికలో రాస్తూ భూతాపాన్ని సామూహిక విధ్వంసక ఆయుధంతో పోల్చారు. ఇరాక్ యుద్ధం జరుగుతున్న ఆ సంవత్సరంలో ఆ పోలిక ఎవరిని తాకిందో వేరే చెప్పనక్కరలేదు. మాడ్రిడ్‌లో ఒక విశేషణాన్ని తూచి ఎంచిన మనిషే ఈ మాట కూడా అన్నారు. ఈ రెంటి మధ్య వైరుధ్యం ఉందా అంటే లేదనే అనుకొంటాను: మొదటిది ప్రమాణాల ప్రకటన, రెండవది ఆ ప్రమాణాల పర్యవసానాన్ని గురించిన నైతిక తీర్పు. ఈ రెంటినీ వేర్వేరు వేదికలపై ఉంచడంలో ఆయన జాగ్రత్త కనిపిస్తుంది.

అయినా నింద తప్పలేదు. విపత్తులను ప్రకటిస్తే తప్ప ఎవరూ వినరన్న అర్థం వచ్చే వాక్యం ఒకటి ఆయన 1994 నాటి పుస్తకంలోనిదిగా చాలాకాలం ప్రచారంలో ఉంది. ఆ పుస్తకంలో ఆ వాక్యం లేదని 2010లో బ్రిటిష్ పత్రికలు వెల్లడించాయి. తాను అలా అననే లేదని హౌటన్ స్పష్టం చేశారు. కావలివానిపై వేయగల అతి పెద్ద నింద ఇదే: శత్రువు రాకపోయినా బాకా ఊదాడని. ఉటంకింపులను మూలంతో సరిచూడకుండా తిరగరాసే అలవాటు పరిశోధకులమైన మనలోనూ ఉంది గనుక ఈ ఉదంతాన్ని ఇంత వివరంగా ప్రస్తావించాను. హౌటన్ 2020 ఏప్రిల్‌లో కోవిడ్ సంబంధిత సమస్యలతో మరణించారు.

4. అమెరికాలో చీలిన సంఘం

2002లో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన సమావేశంలో హౌటన్ ప్రసంగాన్ని విన్నవారిలో రిచర్డ్ సిజిక్ ఒకరు. అమెరికాలోని ఎవాంజెలికల్ సంఘాల జాతీయ సమాఖ్యకు ఆయన ప్రభుత్వ వ్యవహారాల ప్రతినిధి. ఆ అనుభవాన్ని ఆయన మారుమనస్సుతో పోల్చారు. 2006 ఫిబ్రవరిలో 86 మంది ఎవాంజెలికల్ నాయకులు వాతావరణ మార్పుపై చర్య తీసుకోవాలని కోరుతూ ప్రకటన చేశారు. మరికొందరు ప్రముఖ నాయకులు అంతకుముందే సమాఖ్యకు లేఖ రాసి, ఈ విషయంలో అధికారిక వైఖరి ప్రకటించవద్దని కోరారు. సమాఖ్య ఆ ప్రకటనపై సంతకం చేయలేదు. సిజిక్ 2008లో పదవి వదిలారు. తక్షణ కారణం స్వలింగ సంబంధాలపై రేడియోలో ఆయన వెలిబుచ్చిన అభిప్రాయం. వాతావరణమే ఆయన పదవిని తీసిందనడం సరికాదు. అయితే ఆయనపై అపనమ్మకం వాతావరణ చర్చతోనే బలపడిందన్నది నిజం.

ఇక్కడ అజ్ఞానం ప్రధాన కారణం కాదు. 2012లో డాన్ కాహన్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, శాస్త్రీయ పరిజ్ఞానం పెరిగినకొద్దీ ఇరుపక్షాల మధ్య అభిప్రాయభేదం తగ్గకుండా పెరిగింది. తెలిసినవాడు తన వర్గం నమ్మకాన్ని సమర్థించుకోవడానికి ఆ తెలివినే వాడుకొంటాడు. అందుచేత మరిన్ని గణాంకాలు చెప్పి ఒప్పించవచ్చునన్న ఆశ నిలవదు.

టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయంలోని కెనడా శాస్త్రవేత్త క్యాథరిన్ హేహో ఈ సత్యాన్ని ముందుగా ఇంటిలోనే ఎదుర్కొన్నారు. పాస్టరు అయిన భర్త ఆండ్రూ ఫార్లీ మొదట్లో వాతావరణ మార్పును నమ్మేవారు కాదు. ఇద్దరూ చర్చించి, చివరకు 2009లో విశ్వాసుల కోసం కలిసి ఒక పుస్తకం రాశారు. 2018లో టెడ్ వేదికపై ఆమె ఇచ్చిన ప్రసంగ సారాంశం సరళమైనది: వాతావరణ మార్పుపై చేయవలసిన అతి ముఖ్యమైన పని దాని గురించి మాట్లాడటం, ఆ మాట ఎదుటివారు ఇప్పటికే విలువనిచ్చే దానితో మొదలు కావాలి. పశ్చిమ టెక్సాస్ రోటరీ క్లబ్బులో మాట్లాడవలసి వచ్చినప్పుడు ఆ క్లబ్బువారి నాలుగు ప్రశ్నల నియమావళినే చట్రంగా చేసుకొని తన ప్రసంగాన్ని అమర్చుకొన్నారు. హౌటన్ బాకా ఎత్తు మీద నుంచి వినిపిస్తే, హేహోది పక్కింటి అరుగు మీది మాట.

5. తెలుగునేలపై ఒక పాత సంబంధం

1876-78 కరువు తెలుగు క్రైస్తవ చరిత్రలో మైలురాయి. వరుసగా ఋతుపవనాలు విఫలమయ్యాయి. అది బలమైన ఎల్‌నినో కాలమని నేటి శాస్త్రం చెబుతున్నది. మానవ కారకమైన భూతాపం కాదు, సహజ ఒడుదుడుకే. దానికి వలస ప్రభుత్వ విధానాలు తోడై లక్షలమంది ప్రాణాలు తీసింది. ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని కరువుబాధితులకు, ముఖ్యంగా మాదిగపల్లెలవారికి, పని కల్పించారు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని సహాయ కార్యక్రమం నడిచినంతకాలం బాప్తిస్మాలు నిలిపివేశారు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఋతుపవనాల రహస్యం ఛేదించాలన్న ప్రయత్నం కూడా భారతదేశంలో ఈ కరువుతోనే ఊపందుకొంది. తరువాత గిల్బర్ట్ వాకర్ కనుగొన్న దక్షిణ డోలనం ఆ దారిలోనిదే.

అంటే తెలుగు సంఘాలలో ఒక పెద్ద భాగం వాన కురవని సంవత్సరాల జ్ఞాపకంతో పుట్టినది. అటువంటి సంఘంలో వాన గురించి, ఎండ గురించి ప్రార్థన ఉంటుంది. ప్రసంగం మాత్రం అరుదు. తుపానులు, కరవులు వచ్చినప్పుడు మత్తయి 24వ అధ్యాయం ఆధారంగా అంత్యదినాల సూచనలుగా వివరించడం వినిపించే ధోరణి. ఆ వివరణకు వేదాంతపరంగా చోటు ఉండవచ్చు. కాని శత్రువు వచ్చేదినం ముందే నిర్ణయమైనదని కావలివానికి తెలిసినా యెహెజ్కేలులో అతని పని రద్దు కాలేదు. పైగా ఈ సంఘాలలో అధికసంఖ్యాకులు దళితులు. చిన్న కమతాల మీద, కూలి మీద, తీరప్రాంతంలో వేట మీద బతికేవారు. ఎండ పెరిగినప్పుడు మొదట పని పోగొట్టుకొనేది వీరే. 2015 జూన్‌లో వెలువడిన ‘లౌదాతో సీ’ విశ్వలేఖలో పోప్ ఫ్రాన్సిస్ భూమి మూలుగును, పేదల మూలుగును కలిపి వినమన్నప్పుడు ఉద్దేశించిన సంబంధం మనకు పరాయి ఉదాహరణల్లో వెతుక్కోవలసినది కాదు.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో ప్రకృతి వర్ణన ఎక్కడ స్తుతిగా, ఎక్కడ వినతిగా, ఎక్కడ నైతిక హెచ్చరికగా వచ్చింది? కోత పండుగ ప్రసంగాలలో పంట నష్టం ప్రస్తావన ఏ మాటలతో వస్తుంది? ‘కాచు’ ధాతువు నుంచి వచ్చిన మాటలు తెలుగు బైబిలులో ఎన్ని చోట్ల, ఏ హీబ్రూ, గ్రీకు మాటలకు సమానార్థకాలుగా వచ్చాయి? మొదటి రెండింటికి ముద్రిత సంపుటాలు, సంఘ పత్రికలు ఆధారం. మూడవదానికి పదసూచిక ఒకటి చాలు. పరిశోధక విద్యార్థి ఒక సంవత్సరంలో ముగించగల పని అది.