నాలుగు జవాబులలో ఒకటి



ఈనాడు అమెరికా చదువుల మాట పల్లెలలో గూడ వినబడుచున్నది. ఇంటిలోని పిల్లవాడు "శాట్ పరీక్ష వ్రాయుచున్నాను, తాతయ్యా" అనిన, రుసుము చెల్లించి దీవించి పంపుదుమే గాని, ఆ పరీక్ష యెట్టిదని మనము అడుగము. నేను 30 సంవత్సరములు ఇంగ్లీషు వ్యాకరణము బోధించినవాడను. అయినను నా మనుమనికి నేనిచ్చిన సలహాయే చెరుపు చేసినది. అందుచేతనే ఈ ప్రసంగమునకు పూనుకొంటిని.

అమెరికా కళాశాలల ప్రవేశమునకై 1926లో ఆరంభమైన పరీక్ష యిది. 2023 నుండి అమెరికా వెలుపలను, 2024 నుండి అమెరికాలోను కంప్యూటరుమీద జరుగుచున్నది. భాషకు సంబంధించిన భాగమున 54 ప్రశ్నలు, 64 నిమిషములు. దానిని రెండు సమభాగములు చేసినారు. అందు సుమారు నాలుగవ వంతు వ్యాకరణము. ప్రతి ప్రశ్నకును నాలుగు జవాబులు ముందే యిచ్చియుందురు. సూత్రము చెప్పనక్కరలేదు, ఒకదానిని ఎన్నుకొనిన చాలును.

మావాడు బయలుదేరునప్పుడు "తెలియనిదానిని విడిచిపెట్టుము, ఊహించి వ్రాయుట పెద్దమనిషి లక్షణము కాదు" అంటిని. వాడు వినయవంతుడు. తిరిగి వచ్చి "నీవు చెప్పినట్లే అయిదు విడిచినాను, తాతయ్యా" అన్నాడు. ఆ సలహా పూర్వపు శాట్‌కు కొంత చెల్లును. అప్పుడు జవాబులు అయిదు, తప్పునకు పావు మార్కు కోత. గుడ్డిగా అయిదు ప్రశ్నలకు వ్రాసిన, సగటున ఒకటి ఒప్పయి ఒక మార్కు వచ్చును, నాలుగు తప్పయి ఒక మార్కు పోవును. లాభము సున్న. ఆ కోతను 2016లో తీసివేసినారు. మన దేశపు జె.ఇ.ఇ. మెయిన్‌లో తప్పు జవాబునకు నేటికిని 1 మార్కు పోవుచునే యున్నది. పిల్లవాడు ఏ పరీక్ష వ్రాయుచున్నాడో కనుగొనక నోరు మెదపుట నా తప్పు.

ఇక ఊహ యనునది గుడ్డిదే కానక్కరలేదు. నాలుగింటిలో రెండింటిని కారణము తెలిసి త్రోసివేసిన, మిగిలినది రెండింటిలో ఒకటి. త్రోసివేయుటకు వ్యాకరణమే కావలెను. కంప్యూటరుమీద జవాబును అడ్డముగా కొట్టివేయు సదుపాయము గూడ నున్నది.

మొదట జవాబులను ఒకదానిప్రక్క నొకటి పెట్టి, వాని తేడా యెక్కడనో చూడవలెను. ఆ తేడాయే ప్రశ్న. ఉదాహరణకు 'ఈజ్', 'ఆర్', 'వర్', 'హావ్ బీన్' అని నాలుగున్నవనుకొందము. మొదటిది ఏకవచనము, తక్కినవి మూడును బహువచనములు. కాబట్టి పరీక్షకుడు అడుగుచున్నది వచనమని తెలిసినది. ఒంటరిది గనుక 'ఈజ్' ఒప్పని కొందరు వెంటనే గుర్తు పెట్టుదురు. తరచుగా ఫలించును గాని, నేను ఒప్పుకొనను. కర్తను వెదకి ఋజువు చూచుకొనవలెను.

ఆ వెదకుటలోనే మన పిల్లలు తడబడుదురు. "బండిమీది మామిడిపండ్ల బుట్ట బరువుగా నున్నది" అందుము. మన భాషలో బుట్ట క్రియకు చేరువనే యుండును గనుక 'ఉన్నవి' అని యెవరును అనరు. ఇంగ్లీషులో బుట్ట ముందు వచ్చును, దానివెనుక పండ్లు, ఆవెనుక బండి, అటుపిమ్మట క్రియ. చెవిలో పండ్లు మ్రోగుచుండగా చేయి 'ఆర్' మీదికి పోవును. నడుమ నున్న పండ్లను, బండిని తీసివేసి, బుట్టను క్రియతో కలిపి చదివిన చిక్కు విడిపోవును.

చెవిని నమ్ముట కంటె ఈ త్రోవ మేలు. 'ఇట్స్' అను మాట రెండు విధములుగా వ్రాయుదురు. పైన చిన్న గంటు ఉన్నచో 'అది అయియున్నది' అని, లేనిచో 'దానియొక్క' అని అర్థము. ఉచ్చారణ ఒక్కటే. చెవి యేమి చెప్పగలదు? దానిస్థానమున 'ఇట్ ఈజ్' పెట్టి చదువవలెను. అర్థము పొసగిన గంటు ఉండవలెను, పొసగనిచో లేదు.

మరియొక ఉపాయమును మావాడే నాకు నేర్పినాడు. రెండు పూర్తివాక్యముల నడుమ ఫుల్‌స్టాపు పెట్టవచ్చును, సెమికోలను పెట్టవచ్చును. జవాబులలో ఒకటి ఇదియు, ఒకటి అదియు అయి, తక్కిన మాటలలో తేడా లేనిచో రెండును తప్పే, ఏలయన రెండు ఒప్పులు ఉండరాదు గదా! ఇన్నేండ్లు వ్యాకరణము చెప్పియు నాకు ఈ తర్కము తట్టలేదు. మా దినములలో జవాబులను ఎవరు ముందిచ్చిరి?

ఒక జాగ్రత్త. మొదటి భాగము ముగిసిన తరువాత దానిలోనికి మరల పోనియ్యరు. అందులో చూపిన నేర్పునుబట్టియే రెండవ భాగపు ప్రశ్నలు సులభములో కఠినములో అగును. కాబట్టి ప్రతి భాగమున చివరి రెండు నిమిషములు ఖాళీలు వెదకి నింపుటకు ఉంచుకొనవలెను.

మావాడు మరల పరీక్షకు కూర్చుండబోవుచున్నాడు. ఈమారు రుసుము ఇచ్చి, "ఒక్క ప్రశ్నయు విడువకుము" అని మాత్రము అంటిని. వాడు నవ్వి, "ఇది ఏ పరీక్షకు, తాతయ్యా?" అని యడిగినాడు.