స్వయంకృషిలో పరుల పాలెంత?

"కష్టపడితే పైకి రానివాడుండడు" అనే మాట వార్షికోత్సవం నాడు వేదిక మీదినుంచి ఏటా వింటూనే ఉంటాం. చప్పట్లు కూడా కొడతాం. మాట అబద్ధం కాదు గాని, సగమే నిజం. కష్టపడడానికి సైతం కొంత వెసులుబాటు కావాలి గదా! అది కొందరికి పుట్టుకతోనే వస్తుంది. మిగిలినవారు ఎక్కణ్ణించో తెచ్చుకోవాలి.

స్వయంకృషికి ఉదాహరణగా అందరం చెప్పుకునే డాక్టర్ అంబేద్కర్ జీవితాన్నే తీసుకుందాం. ఆయన తెలివినీ, పట్టుదలనూ శంకించేవారెవరు? కాని లెక్క చూడండి. తండ్రి సైన్యంలో సుబేదారు, సైనికుల బడిలో పాఠాలు చెప్పినవాడు. కనుక ఇంట్లో అక్షరం ఉంది. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ నెలకు 11.50 పౌన్ల చొప్పున మూడేళ్లపాటు ఉపకారవేతనం మంజూరు చేస్తేనే న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయం గడప తొక్కగలిగారు. 1916లో లండన్ చేరి ఒకవైపు ఆర్థికశాస్త్రం, మరోవైపు బారిస్టరు చదువు మొదలుపెట్టారు. 1917లో స్కాలర్‌షిప్ గడువు తీరింది. రెండూ మధ్యలో వదిలి ఓడెక్కారు. బుర్ర అదే, పట్టుదలా అదే. ఆగింది డబ్బు మాత్రమే.

షరతు ప్రకారం బరోడా కొలువులో చేరితే, కొలంబియా ఎం.ఏ. పట్టా ఉన్న ఆ ఉద్యోగికి ఊళ్లో ఉండడానికి చోటు దొరకలేదు. పార్సీ సత్రంలో తలదాచుకుంటే అక్కణ్ణించీ వెళ్లగొట్టారు. అడ్డంకి డబ్బు ఒక్కటే కాదన్నమాట. 1918 నుంచి బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పనిచేసి కూడబెట్టిన సొమ్ము, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం, ఒక పార్సీ మిత్రుడిచ్చిన అప్పు, ఇవి కలిస్తే 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. 1923లో డి.ఎస్సీ. వచ్చింది.

జమీందారు బిడ్డ అయితే మధ్యలో ఆ మూడేళ్లు పోయేవి కావు. నా మటుకు నాకు అసలు తేడా ఇక్కడే కనిపిస్తుంది: కలిగినవాడికి రెండో అవకాశం ఇంట్లోనే ఉంటుంది. ఎంట్రన్సులో ర్యాంకు రాకపోతే ఏడాదిపాటు లాంగ్‌టర్మ్ కోచింగులో కూర్చోబెట్టగల ఇల్లు ఒకటి. "ఇక చాల్లేరా, పనిలోకి పో" అనక తప్పని ఇల్లు ఇంకొకటి. ఆ ఇద్దరి మార్కులూ పక్కపక్కన పెట్టి మెరిట్ అంటున్నాం!

షెడ్యూల్డు కులాలవారికి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మొదలైంది 1944లో. అప్పటికి అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్లో సభ్యుడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఎన్నో ఇళ్లలో మొదటి ఇంజనీరు బయలుదేరాడు. అయితే సొమ్ము ఎంత అన్నదే కాదు, ఎప్పుడు చేతికందింది అన్నదీ ముఖ్యమే. విడుదల ఆలస్యమైతే కొన్ని కళాశాలలు సర్టిఫికెట్లు ఆపుతున్నాయి. పాసయి, ఇంటర్వ్యూకు పిలుపొచ్చి, ఒరిజినల్స్ లేక గుమాస్తా బల్ల ముందు నిలబడ్డ కుర్రవాణ్ణి "కష్టపడవోయ్" అంటే ఏం చేస్తాడు? మన యూనియన్ వచ్చే ఏడు సమర్పించే వినతిపత్రంలో ఈ సర్టిఫికెట్ల సంగతీ, హాస్టల్ మెస్ బిల్లుల గడువు సంగతీ మొదటి రెండంశాలుగా పెడితే బాగుంటుంది.