కాఫీ కాయలో శత్రువు, దాని వెంట కందిరీగ

నీలగిరుల్లోని గూడలూరు వద్ద 1990లో మన దేశంలో తొలిసారి కంటబడిన కాఫీ కాయతొలుచు పురుగు, 2025 ఆగస్టులో అరకు లోయలోనూ బయటపడింది. కేరళలోని వయనాడ్‌కు, కర్ణాటకలోని కొడగుకు అది పాకిన తీరు ఎరిగిన వారికి ఈ వార్త ఆందోళన కలిగించక మానదు.

చెట్ల బెరడు తొలిచే పెంకుపురుగుల వర్గానికి చెందిన ఈ కీటకానికి పుట్టిల్లు ఆఫ్రికా. దాని బంధువులు బెరడు కింద కాపురముంటే, ఇది ఏకంగా గింజలోనే మకాం పెడుతుంది. రెండు మిల్లీమీటర్లకు మించని ఆడపురుగు కాయ బొడ్డు వద్ద రంధ్రం చేసి లోపల గుడ్లు పెడుతుంది. పిల్లలు గింజను తింటూ పెరిగి, అక్కడే జతకడతాయి. మగవాటికి ఎగిరే శక్తి లేదు. గర్భం దాల్చిన ఆడవి మాత్రమే వెలుపలికి వస్తాయి కనుక, పైన చల్లిన మందు వాటికి తగలడం అరుదు. ఒకప్పుడు వాడిన ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో నిషేధించింది.

ఆ రంధ్రంలోకి దూరగల సైనికుల కోసమే కాఫీ బోర్డు శాస్త్రజ్ఞులు విదేశాలవైపు చూశారు. సెఫలోనోమియా స్టెఫనోడెరిస్ అనే పరాన్నజీవి కందిరీగను 1995లో మెక్సికో నుంచి రప్పించారు. ఇది పురుగు తవ్విన దారినే లోనికి ప్రవేశించి, గుడ్లను తిని, లార్వాలను స్తంభింపజేసి వాటిపై తన గుడ్లు పెడుతుంది. అనంతరం కొలంబియా నుంచి తెచ్చిన ఫైమాస్టికస్ కాఫియా, కాయను తొలుస్తున్న పెద్ద పురుగునే పట్టి దాని శరీరంలో గుడ్లు పెడుతుంది. అయితే ఈ కందిరీగ ఆయుష్షు రెండు మూడు రోజులే. విడుదల వేళ తప్పితే శ్రమ వృథా.

చిక్కంతా పెంపకంలో ఉంది. కందిరీగలు కావాలంటే ముందు పురుగు పట్టిన కాఫీ కావాలి. ఆ పని ఖర్చుతోనూ, కూలీలతోనూ కూడినది. పైగా కోత ముగిశాక చెట్టుమీద, నేలమీద మిగిలిన కాయలను ఏరివేయడమే పురుగుపై ప్రధానాస్త్రం. ఆ ఏరివేతలో కందిరీగలకూ ఆశ్రయం పోతుంది. శత్రువు ఉంటేనే మిత్రుడు బతికే ఈ విచిత్రాన్ని విస్మరించి, కందిరీగలనే నమ్ముకొమ్మని రైతుకు చెప్పడం భావ్యం కాదు.

అరకులో సాగుదారులు అత్యధికులు చిన్న కమతాల గిరిజనులు. రసాయనాల వాడకం లేని పంటగానే వారి కాఫీకి పేరు, ధర. అందుకే అక్కడ అధికారులు తొలుత నిర్మూలన మార్గమే పట్టారు. పురుగు సోకిన కాయలను కోయించి, మరుగునీటిలో ముంచి, పూడ్చిపెట్టించారు. పురుగు ఆ కొండల్లో స్థిరపడితే మాత్రం కందిరీగల అవసరం అక్కడా రావచ్చు. అంతవరకు పురుగును మోసుకువచ్చే సంచులపై, సరిగా ఎండని గింజలపై నిఘాయే ముఖ్యం.