ట్రాక్టరు వించ్

ట్రాక్టరు వించ్ అనగా నరికిన చెట్ల దుంగలను ఉక్కుతాడుతో దగ్గరకు లాగుటకు చిన్న ట్రాక్టరు వెనుక భాగాన బిగించే యంత్ర సాధనం. ఫిన్లాండు, నార్వే, స్వీడన్, స్లోవేనియా వంటి దేశాలలో సొంత అడవులు కలిగిన రైతులు దీనిని ఉపయోగిస్తారు. వించ్ ఉన్నప్పుడు ట్రాక్టరు దుంగ వద్దకు వెళ్ళవలసిన అవసరం లేదు. ట్రాక్టరు గట్టి నేలపై కదలకుండా నిలిచి ఉండగా దుంగయే దాని వద్దకు వస్తుంది. వాలు నేలలలోను, బురద నేలలలోను ప్రమాదాన్ని తగ్గించేది ఈ పద్ధతే. అయితే తాడు ఎంత ఎత్తు నుండి లాగుతున్నది, మనుషులు ఎక్కడ నిలబడ్డారు అనే రెండు విషయాలలో పొరపాటు జరిగితే ఇదే సాధనం ప్రాణాంతకం కాగలదు.

నేపథ్యం

ట్రాక్టర్లు రాకముందు ఉత్తర ఐరోపాలో గుర్రాలు, కేరళ, బర్మా అడవులలో ఏనుగులు దుంగలను లాగేవి. హారీ ఫెర్గూసన్ రూపొందించిన త్రీ పాయింట్ లింకేజి 1939లో వచ్చిన ఫోర్డు 9ఎన్ ట్రాక్టరు ద్వారా బాగా ప్రచారం పొందింది. పనిముట్లను ట్రాక్టరు వెనుక మూడు చోట్ల తగిలించి, హైడ్రాలిక్ శక్తితో ఎత్తుటకు, దించుటకు దీనివలన వీలు కలిగింది. నేటి చిన్న వించ్‌లను కూడా ఈ లింకేజికే తగిలిస్తారు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కాగితపు మిల్లుల కోసం పెంచే సుబాబుల్, జామాయిలు కర్రను ఎక్కువగా చిన్న ముక్కలుగా కోసి, చేతులతో మోసి ట్రాలీలకు ఎక్కిస్తారు. అయినా పెద్ద మొద్దును గొలుసుతో ట్రాక్టరుకు కట్టి లాగే ప్రతిచోటా క్రింద వివరించిన సూత్రమే వర్తిస్తుంది.

నిర్మాణం

వించ్‌లోని ముఖ్య భాగాలు ఇవి:

* డ్రమ్ము: ఉక్కుతాడు చుట్టుకొనే భాగం. ట్రాక్టరు ఇంజను నుండి పీటీఓ షాఫ్టు ద్వారా దీనికి శక్తి అందుతుంది. పీటీఓ సాధారణ వేగం నిమిషానికి 540 చుట్లు.
* క్లచ్చి: డ్రమ్మును తిప్పుటకు, ఆపుటకు ఉపయోగపడుతుంది. దీనికి కట్టిన సన్నని తాడును పట్టుకొని పనివాడు దూరం నుండి వించ్‌ను నడుపుతాడు. ఆ తాడు వదలగానే లాగుడు ఆగిపోతుంది.
* నేలపలక: వించ్ అడుగున ఉండే వెడల్పాటి ఉక్కుపలక. దించినప్పుడు నేలలో దిగబడి ట్రాక్టరు వెనుకకు జారకుండా ఆపుతుంది.
* జాలీ తెర: డ్రైవరు సీటుకు, తాడుకు మధ్య అడ్డుగా ఉంటుంది.
* కప్పీ: తాడు నేలకు దగ్గరగా లోపలికి వచ్చేలా చూస్తుంది.

మూడు టన్నుల శక్తి గల వించ్‌లకు సాధారణంగా 8 నుండి 10 మిల్లీమీటర్ల మందం గల తాడు వాడతారు. తాడు తెగే బలం వించ్ లాగుడు శక్తికి కనీసం రెండు రెట్లు ఉండాలి. డ్రమ్ముపై తాడు పొరలు పెరిగేకొద్దీ లాగుడు శక్తి తగ్గి, వేగం పెరుగుతుంది. వ్యాసార్థం రెట్టింపైతే శక్తి సగమవుతుంది.

ట్రాక్టరు తిరగబడుటకు కారణం

దుంగను లాగేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు పైకి లేచి వెనుకకు తిరగబడే ప్రమాదం ఉన్నది. ఉదాహరణకు ఒక ట్రాక్టరు ముందు చక్రాలపై 700 కిలోల బరువు, ముందు వెనుక ఇరుసుల మధ్య 1.8 మీటర్ల దూరం ఉన్నాయనుకుందాం. ముందు భాగాన్ని నేలపై నిలిపి ఉంచే భ్రామకం 700 × 1.8 = 1260 కిలో-మీటర్లు. ఈ ట్రాక్టరు 1400 కిలోల బలంతో ఒక మొద్దును లాగుతున్నది. గొలుసును నేలకు 0.45 మీటర్ల ఎత్తున కడితే ట్రాక్టరును పైకి లేపే భ్రామకం 630 మాత్రమే. అదే గొలుసును 0.9 మీటర్ల ఎత్తున కడితే అది సరిగ్గా 1260 అవుతుంది. అంటే ముందు చక్రాలు గాలిలోకి లేవడానికి సిద్ధంగా ఉంటాయి. ఎగువకు ఎక్కుతున్నప్పుడు ముందు చక్రాలపై బరువు ఇంకా తగ్గుతుంది కనుక ప్రమాదం మరింత పెరుగుతుంది.

తిరగబడడం మొదలైన తరువాత డ్రైవరు క్లచ్చి తొక్కే వ్యవధి కూడా ఉండదు. అందువలన టాప్ లింకుకు గాని, సీటు క్రింది భాగానికి గాని, ఇరుసుకు గాని గొలుసు కట్టరాదు. స్వీడన్ 1959లో కొత్త ట్రాక్టర్లకు రక్షణ చట్రాన్ని తప్పనిసరి చేసింది. చట్రం ఉన్న ట్రాక్టరుపై సీటు బెల్టు కూడా పెట్టుకోవాలి.

లాగే విధానం

ట్రాక్టరు వెనుక భాగాన్ని దుంగ వైపుకు తిప్పి, గట్టి నేలపై నిలిపి, బ్రేకు వేసి, నేలపలకను దించాలి. తాడును దుంగ వద్దకు తీసుకువెళ్ళి, దుంగ కొన నుండి సుమారు అర మీటరు దూరంలో గొలుసును ఉచ్చులా బిగించాలి. తరువాత తాడు వరుసకు దూరంగా, ప్రక్కకు వచ్చి నెమ్మదిగా లాగాలి. దుంగ మోడుకు గాని, రాయికి గాని తట్టుకొంటే వెంటనే ఆపి, తాడును వదులు చేసి, గొలుసు కట్టును మార్చాలి. మొండిగా లాగితే తాడు తెగవచ్చు.

దుంగను నేరుగా లాగే వీలు లేనప్పుడు ఒక బలమైన చెట్టుకు వెడల్పాటి పట్టీతో కప్పీని కట్టి తాడును మలుపుతారు. తాడు లంబకోణంలో మలిగితే ఆ చెట్టుపై లాగుడు బలానికి సుమారు 1.4 రెట్లు, పూర్తిగా వెనుకకు మలిగితే రెండు రెట్ల బలం పడుతుంది. కప్పీని, పట్టీని ఈ లెక్క ప్రకారమే ఎంచుకోవాలి.

జాగ్రత్తలు

* బిగిసిన తాడును దాటరాదు. తెగిన తాడు కొరడా వలె వెనుకకు కొడుతుంది.
* తాడు మలుపు లోపలి కోణంలో ఎవరూ నిలబడరాదు. కప్పీ ఊడితే తాడు ఆ వైపుకే దూసుకువస్తుంది.
* వాలులో దుంగకు దిగువన ఎవరూ ఉండరాదు.
* ఇతరులు కనీసం బయటకు లాగిన తాడు పొడవంత దూరంలో ఉండాలి.
* డ్రమ్ముపై ఎప్పుడూ కనీసం మూడు చుట్లు మిగిలి ఉండాలి.
* తీగలు తెగి లేచిన తాడును, నలిగి మెలిపడిన తాడును వాడరాదు.
* తిరుగుతున్న పీటీఓ షాఫ్టుకు రక్షణ తొడుగు ఉండాలి. వదులు బట్టలు, కండువాలు దాని దగ్గరకు రానివ్వరాదు.
* శిరస్త్రాణం, తోలు చేతి తొడుగులు, గట్టి బూట్లు ధరించాలి.

దుంగను తరలించుట

దగ్గరకు వచ్చిన దుంగ కొనను కొద్దిగా మాత్రమే పైకెత్తి గొలుసుతో వించ్‌కు తగిలించి, తక్కువ గేరులో నెమ్మదిగా తీసుకువెళ్ళాలి. వాలులో అడ్డంగా కాక నిలువుగా ప్రయాణించాలి. ముందు చక్రాలు తేలికైనట్లు అనిపిస్తే లాగే దుంగల సంఖ్యను తగ్గించాలి లేదా ట్రాక్టరు ముందు భాగాన అదనపు బరువులు అమర్చాలి.